పుట్ ఆఫ్: అర్థాన్ని తేల్చేది కర్మ

క్రియకు ‘ఆఫ్’, ‘అప్’ వంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చే ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బుల పట్టికలలో ‘పుట్ ఆఫ్’ ఎదుట ‘వాయిదా వేయు’ అని రాసి ఉంటుంది. అది సరైన అర్థమే గాని, ‘ద స్మెల్ పుట్ మీ ఆఫ్’ అన్న వాక్యం ఎదురైనప్పుడు ఎందుకూ కొరగాదు. వాసన మనిషిని వాయిదా వేయడమేమిటి?

ఈ చిక్కును విప్పడానికి క్రియను ఎంత చదివినా లాభం లేదని, దాని కర్మను (ఆబ్జెక్టును) చూడాలని నా అభిప్రాయం. సమావేశం, ప్రయాణం, నిర్ణయం వంటివి కర్మగా ఉంటే అర్థం వాయిదా వేయడమే. కర్మ స్థానంలో మనిషి ఉంటే మాత్రం, అతనికి ఆసక్తి పోయేలా చేయడం, విముఖత కలిగించడం అన్న అర్థం వస్తుంది కాబట్టి, పై వాక్యంలో ఆ వాసనకు తినాలన్న కోరికే చచ్చిపోయిందన్నమాట. బాకీ అడగవచ్చినవాడిని రేపు, మాపు అంటూ తిప్పడాన్ని కూడా ‘పుట్ హిమ్ ఆఫ్’ అనే అంటారు.

ఇటువంటి క్రియలు పరభాషీయులను అన్నిటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెడతాయని శామ్యూల్ జాన్సన్ 1755 నాటి తన నిఘంటువు ముందుమాటలోనే గుర్తించాడు. (‘ఫ్రేజల్ వెర్బ్’ అన్న పేరు మాత్రం చాలా కాలం తరువాత, 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ రచన ద్వారా ప్రచారంలోకి వచ్చింది.)

ఇక వాక్య నిర్మాణం. కర్మ నామవాచకమైతే ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ చెల్లుతాయి. సర్వనామమైతే మధ్యలోనే రావాలి కనుక ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలే తప్ప ‘పుట్ ఆఫ్ ఇట్’ అనరాదు. తరువాత మరో క్రియ వస్తే ‘టు గో’ పనికిరాదు, ‘గోయింగ్’ అనాలి. ‘వెళ్లడం వాయిదా వేశాను’ అనే మన వాక్యంలోని ‘వెళ్లడం’ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది గనుక తెలుగువారికి ఇది కష్టం కాకూడదు. ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం, దీనితో కలపకూడదు.

మంచి నిఘంటువులు ‘పుట్ సమ్‌థింగ్ ఆఫ్’, ‘పుట్ సమ్‌బడీ ఆఫ్’ అని వేర్వేరుగా చూపుతాయి, నోటుపుస్తకంలోనూ అలాగే రాసుకోవడం మేలు. ‘ఆఫ్‌పుటింగ్’ అనే విశేషణాన్ని నేడు విముఖత కలిగించే అన్న అర్థంలోనే వాడుతారు కాబట్టి, వాయిదా పడిన సమావేశానికి దానిని వాడరు.