గుమ్మా బడిలో అడిగిన కాగితం

“ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు బాబూ. పిల్లలతో చదివిస్తారు, ఫోటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. మా బడికి ఎన్ని మార్కులొచ్చాయో చెబుతూ కాగితం ముక్కయినా ఎవరైనా పంపారా?”

పిల్లల చదువు కొలిచే సర్వేకు వెళ్లిన నన్ను, ఒడిశాలో గజపతి జిల్లా గుమ్మా వైపు ఒక బడిలో హెడ్మాస్టరుగారు పర్లాకిమిడి తెలుగులో నవ్వుతూనే అడిగారు. ఆ నవ్వే ఎక్కువ గుచ్చుకుంది.

మా గుంటూరు వైపు ఇలా అడగరు. పైనుంచి ఉత్తరం వచ్చిందంటే ముందు కాఫీ, తర్వాత రిజిస్టర్లు, లేచేటప్పుడు “కాస్త చూసి రాయండి సార్”. ఆ కాఫీకి మొహం వాచి ఉన్నాను. ఇక్కడ టీ ఇచ్చి లెక్క అడుగుతారు.

ప్రభుత్వానికీ మా సంస్థకూ ఒప్పందం ఉందనీ, నివేదికలో జిల్లా సగటు తప్ప బడి పేరు రాదనీ చెప్పాను. పేరు బయటపడితే మొదటి సంజాయిషీ నోటీసు ఆయనకే కదా!

“నా బడి మార్కులు నా దగ్గరే దాస్తారా?” అన్నారు.

దానికీ జవాబు నోటిదాకా వచ్చింది. 2005లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి విశాఖతో సహా ఐదు జిల్లాల్లో పెద్ద పరిశోధన మొదలుపెట్టాయి. అందులో వంద బళ్ల ఉపాధ్యాయులకు, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో రాసి మరీ చేతికిచ్చారు. ఏడాది తిరిగాక చూస్తే, ఆ కాగితాలు అందని బళ్లకూ వీటికీ మార్కుల్లో తేడా లేదు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2010లో ప్రచురించిన ఫలితమిది. ఇచ్చి ఏం లాభమని అడగవచ్చు. అడగలేకపోయాను. లాభం ఉంటేనే ఇమ్మని ఆయన అన్నారా?

పైగా అప్పుడే రెండో తరగతి పాప నా ముందు కూర్చుని ఉంది. ఒడియా అక్షరాల మొదటి వరుసలో ఒక్కటీ పలకకపోతే టాబ్లెట్లో ఆ పేజీ తనంతట తానే మూసుకుపోయి సున్నా పడుతుంది. పడింది. మాస్టారు ఆ పాప ఇంటి భాష సవరలో ఏదో అడిగితే గడగడా చెప్పింది. అది నమోదు చేయడానికి గడి లేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు మొదలుపెట్టాలని ఆంధ్ర 2004లోనూ, ఒడిశా 2007లోనూ పథకాలు పెట్టుకున్నవే. ప్రశ్నపత్రం తయారు చేసేవాళ్లకు ఇది తెలియదని ఎలా అనుకోను?

చివరికి గిడుగు రామమూర్తి పంతులుగారిని తెచ్చారు మాస్టారు. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర బడి పెట్టమన్నారట. తెలుగువాణ్ని తెలుగువాడి పేరుతోనే కొట్టారు! పంతులుగారికి రోజుకిన్ని బళ్లని లక్ష్యం లేదు, సాయంత్రానికి ఫోను చేసే సూపర్‌వైజరూ లేడు. ఈ మాట పైకి అనలేదనుకోండి.

రాత్రి అద్దెగదిలో కూర్చుని ఆఫీసుకు మెయిలు రాశాను: ఏ బడి మార్కులు ఆ బడికే కవరులో పెట్టి ఇస్తే ఒప్పందానికి అడ్డమా అని. “తదుపరి దశలో పరిశీలిస్తాం” అని జవాబొచ్చింది.

తదుపరి దశ రాయగడ జిల్లాలో.