గాలి చూసుకున్నాకే కూర్చోవాలి

కయోటీ (తోడేలుకన్నా చిన్నదైన, నక్కలాంటి అమెరికా జంతువు) వేట గురించి అడిగే మనవాళ్లంతా ముందు ఏ రైఫిల్ కొనాలనే అడుగుతారు. నన్నడిగితే రైఫిల్ ఆఖరి సంగతి. టెక్సాస్ ఉత్తరపు కొసన ఉండే పాన్‌హ్యాండిల్‌లో అమరిల్లో చుట్టుపక్కల నేలంతా అలికిన కళ్లంలా ఉంటుంది. చెట్టూ గుట్టా కనబడవు. ఇలాంటి చోట వేటలో సగం పని, దాని కంటపడకుండా వెళ్లి కూర్చోవడమే.

నేను వెళ్లేది తెలిసిన పెద్దాయన రాంచికి, అంటే పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రానికి. ఫిబ్రవరిలో అక్కడ ఆవులు ఈనుతాయి. పుట్టిన దూడ ఇంకా కాళ్ల మీద నిలబడకముందే కయోటీలు చుట్టూ చేరతాయి. ఆ రోజుల్లో ఆయనే ఫోన్ చేసి రమ్మంటాడు. టెక్సాస్‌లో కయోటీ వేటకు సీజన్ అంటూ లేదు గానీ మామూలుగా లైసెన్సు ఉండాలి, భూమి యజమాని అనుమతి తప్పనిసరి. ఇండియాలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్క జోలికి కూడా వెళ్లకూడదు. ఊరెళ్లినప్పుడు దయచేసి ఎవరూ ప్రయత్నించొద్దు.

పికప్‌ను పల్లంలోనో, ఎండిన ప్లాయా (వాన నీరు నిలిచే లోతులేని పల్లం) గుంటలోనో ఆపుతాను. తలుపు విసిరి వేయను, నెమ్మదిగా ఆనించి నొక్కుతాను. అక్కణ్ణుంచి మెరక ఎక్కకుండా పల్లం వెంటే నడక. కూర్చునేది యుక్కా (కత్తుల్లాంటి ఆకుల మొక్క) తుప్ప ముందు, వెనక కాదు. వెనక కూర్చుంటే చూడ్డానికి తల ఎత్తాలి, ఆ కదలికే మనల్ని పట్టిస్తుంది. ముందు కూర్చుంటే మన ఆకారం తుప్పలో కలిసిపోతుంది. పొద్దు వీపు వైపు ఉంటే ఇంకా మంచిది.

ఇక గాలి. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. కయోటీ చెవితో వింటూ వస్తుంది, ముక్కుతో రూఢి చేసుకుంటుంది. ఎంత ఆకలితో వచ్చినా చివర్లో చుట్టు తిరిగి, గాలి పోయే వైపుకు వెళ్లి వాసన పడుతుంది. అందుకే నాకు ఎదురుగాలి కన్నా పక్కగాలి ఇష్టం. కాలర్‌ను (జంతువుల కూతలు వినిపించే స్పీకరు) ఓ యాభై గజాల దూరంలో, గాలి వచ్చే వైపు పెడతాను. దాని వాసన పట్టాలని కయోటీ చుట్టు తిరిగితే నా ఎదురుగానే పోవాలి. గాలి గంటకు 20 మైళ్లు దాటిన రోజు కూత దూరం పోదు, ఆ రోజు వెళ్లను.

మొదట కుందేలు ఏడుపు సన్నగా పెడతాను, దగ్గర్లో ఏదైనా పడుకుని ఉంటే బెదరకుండా. తర్వాత పెంచుతాను. పొదలున్న చోట పావుగంట చాలంటారు గానీ, ఇక్కడ అరగంటైనా ఓపిక పట్టాలి. మైలు అవతల విన్నది ఆగుతూ ఆగుతూ వస్తుంది.

మొన్న నార్తర్ (ఉత్తరం నుంచి వీచే చలిగాలి) వచ్చి వెళ్లిన మర్నాడు తెల్లవారుజామున ముందు రెండు చెవులే కనబడ్డాయి. ఒళ్లు ఎండుగడ్డి రంగే కాబట్టి గడ్డిలో తెలియలేదు. కుదురుగా పరుగెత్తుతూ వచ్చి ఆగింది, ముక్కు గాలికెత్తింది. అది ఇటు చూస్తున్నంతసేపూ నేను రెప్ప కూడా వేయలేదు. తల ఓ తుప్ప చాటుకు పోయాకే రైఫిల్ తిప్పాను. ఇవతలికి రాగానే నోటితో ఒక్కసారి భౌమన్నాను. ఠక్కున నిలబడింది. 140 గజాలు. వెనక మట్టిగట్టు ఉంది కాబట్టే ట్రిగ్గర్ నొక్కాను. వెనక ఉత్త ఆకాశమే ఉంటే తూటా ఎక్కడికి పోతుందో తెలియదు, అలాంటప్పుడు ఎంత దగ్గరకొచ్చినా వదిలేస్తాను.

రైఫిల్ .223 రెమింగ్టన్, 200 గజాలకు జీరో చేసింది, అంటే ఆ దూరంలో తూటా గురిపెట్టిన చోటే తగిలేలా సరిచేసింది. 300 గజాల దగ్గర తూటా సుమారు 8 అంగుళాలు కిందికి దిగుతుంది. కాల్చేముందు అది కయోటీయేనని తేల్చుకోవడం మరీ ముఖ్యం. స్విఫ్ట్ ఫాక్స్ అనే చిన్న నక్క పిల్లి అంతే ఉంటుంది. పరుగెత్తే కయోటీ తోక కిందికి ఉంటుంది, రాంచి కుక్క చాలాసార్లు తోక పైకెత్తుతుంది. అనుమానం ఉంటే కాల్చను.

ఒకటి పడగానే లేచి పరుగెత్తకూడదు. జనవరి, ఫిబ్రవరి జత కట్టే కాలం. వెంటనే కూన ఏడుపు పెట్టి పది నిమిషాలైనా కదలకుండా కూర్చుంటే జతది తరచూ వస్తుంది. ఆ తర్వాతే లేచి, మరో చోటికి కనీసం ఒకటిన్నర మైలు జరగాలి. అంతకన్నా దగ్గరైతే, ఇక్కడి కూతా తుపాకీ చప్పుడూ విన్నవే అక్కడా ఉంటాయి.