పక్క బల్ల దగ్గర తుపాకీ

డాలస్‌లో నిన్న మా పాపను పుట్టినరోజు విందుకు తీసుకెళ్లాను. పక్క బల్ల దగ్గర ఒకాయన ముందుకు వంగగానే చొక్కా పైకి జరిగింది, నడుము దగ్గర నల్లటి పిడి కనిపించింది. ఆయన తన పిల్లాడికి పిజ్జా ముక్కలు చేసి పెడుతున్నాడు. చట్టప్రకారం అందులో తప్పేమీ ఉండకపోవచ్చు. 2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్లు నిండి, ఇతర నిషేధాలేవీ లేనివారు లైసెన్సు లేకుండానే తుపాకీ దాచుకుని తిరగవచ్చు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

అంతకుముందు శిక్షణ, రాత పరీక్ష, గురి పరీక్ష ఉండేవి. వాటిని ఐచ్ఛికం చేయడం అన్యాయమని నా గట్టి నమ్మకం. ఇల్లినాయ్‌లో నేటికీ అనుమతి తప్పనిసరి, అక్కడేమీ ఆకాశం విరిగి పడలేదు.

ఇకపై తలుపుల మీది తుపాకీ నిషేధ నోటీసులు చదివే లోపలికి వెళ్తాను. అంగుళం ఎత్తు అక్షరాలతో, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉంటాయి. వాటి మీద టెక్సస్ శిక్షాస్మృతి సెక్షన్ నంబరు ఉంటుంది. 30.06 అని ఉంటే లైసెన్సు ఉన్నవారు కూడా తుపాకీ దాచుకుని రాకూడదు. 30.05 అయితే లైసెన్సు లేనివారిని ఆపడానికి.

హెచ్1బీ మీద ఉన్న తమ్ముళ్లూ, టెక్సస్ సడలింపు చూసి తొందరపడకండి. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీ దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం.