మందులు వాడుతూ తొలి మారథాన్

మానసిక అనారోగ్యం నుంచి కోలుకుంటూ, ఆ రంగంలో పనిచేసే సంస్థకు విరాళాలు సేకరించేందుకు హైదరాబాద్ మారథాన్ పరుగెత్తాలనుకుంటే, బూట్లకన్నా ముందు చూసుకోవాల్సింది మందుల చీటీ.

మూడ్‌ను అదుపులో ఉంచే లిథియం మందు వాడేవాళ్లకు చెమట పోసి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరగొచ్చు. మోకాలి నొప్పికని ఐబూప్రొఫెన్ వేసుకుంటే మరింత ముప్పు. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తడబడటం కనిపిస్తే పరుగు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని డిప్రెషన్ మందులు చెమట పెంచుతాయి, రక్తంలో సోడియం (ఉప్పు) తగ్గిస్తాయి. వాటికి తోడు ఉత్త నీళ్లే లీటర్లకొద్దీ తాగితే సోడియం ఇంకా పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగండి. ఓఆర్ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి; చిక్కగా కలిపితే కడుపు తిప్పుతుంది. మందులు మాత్రం సొంతంగా మానొద్దు, సాధనకు ముందే సైకియాట్రిస్టుతో మాట్లాడండి.

42.195 కిలోమీటర్లకు ఐదారు నెలల సాధన కావాలి. వారాంతపు పొడవు పరుగు మాట్లాడగలిగే వేగంలో, రేసుకు మూడు వారాల ముందు 30 కిలోమీటర్లకు చేరితే చాలు. తెల్లవారుజామున లేవడానికి నిద్ర తగ్గించుకోవద్దు. బైపోలార్ (మితిమీరిన ఉత్సాహం, కుంగుబాటు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లకు నిద్రలేమి మేనియాను, అంటే ఆ అతి ఉత్సాహ దశను రేపొచ్చు. రాత్రి తొమ్మిదికే పడుకోండి.

విరాళాలు నేరుగా సంస్థ ఖాతాకే వెళ్లాలి. విరాళమిచ్చినవాళ్లకు ఆదాయపు పన్నులో దొరికే, 80జిగా పిలిచే మినహాయింపు పాత పన్ను విధానంలోనే. నగదైతే 2,000 రూపాయలు దాటితే వర్తించదు. మీ జబ్బు పేరు బయటపెట్టాల్సిన పనే లేదు. విరాళాల విజ్ఞప్తి కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తప్పక రాయండి.