పెద్దమ్మ బీపీ చీటీ, మారుతున్న అంకెలు

కోనసీమలో నా చిన్నతనాన బీపీకి ఒక లెక్క చెప్పేవారు. వందకు వయసు కలిపితే ఎంత వస్తుందో అంతవరకు పై బీపీ (చీటీలో రాసే రెండు అంకెలలో మొదటిది) ఉండవచ్చుననీ, అరవై ఏళ్ల మనిషికి నూట అరవై ఉంటే దానిని జబ్బుగా చూడనక్కరలేదనీ ఊరి ఆర్ఎంపీ మొదలుకొని పట్నంలో పేరున్న డాక్టరు వరకు అనేవారు. దీనిని పల్లెటూరి అమాయకత్వమని కొట్టిపారేయడానికి లేదు. 20వ శతాబ్దపు తొలి సగంలో పెద్ద పెద్ద వైద్యులే, వయసుతో గట్టిపడిన నాళాల గుండా రక్తం అవయవాలకు చేరాలంటే ఒత్తిడి పెరగక తప్పదనీ, దానిని బలవంతాన దించితే మెదడుకూ మూత్రపిండాలకూ రక్తం చాలదనీ నమ్మారు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావంతో మరణించిన రోజున ఆయన బీపీ 300/190 ఉంది. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికి కూడా అప్పటి వైద్యులు ఉప్పు తగ్గించమని, విశ్రాంతి తీసుకోమని చెప్పడం, గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ వంటి మందు ఇవ్వడం మినహా పెద్దగా చేయగలిగింది లేకపోయింది.

ఆ నమ్మకాన్ని మొదట గట్టిగా కదిపినది 1967లో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలో జరిగిన అధ్యయనం. ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో, కింది బీపీ 115 నుంచి 129 వరకు ఉన్న 143 మంది పురుషులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మందులు, రెండో జట్టుకు మందు లేని ఉత్త బిళ్లలు ఇచ్చారు. మందులు లేని జట్టులో ప్రమాదాలు వరుసగా రావడంతో వారి విషయంలో అధ్యయనాన్ని అనుకున్నదానికంటే ముందే ఆపవలసి వచ్చింది. అప్పుడు వాడిన మందులలో ఒకటైన రెసర్పిన్ మన సర్పగంధ వేరు నుంచి తీసినదే. ఆ వేరు బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రకటించిన తరువాతే పాశ్చాత్య వైద్యలోకం దానిని పట్టించుకుంది. 1970లో ఇదే బృందం కింది బీపీ 90 నుంచి 114 వరకు ఉన్నవారి ఫలితాలనూ వెలువరించింది. అయితే ఈ రెండింటిలోనూ ఉన్నది పురుషులే, చూసినది కింది అంకెనే. అందువల్ల 1977లో అమెరికాలో జాయింట్ నేషనల్ కమిటీ అనే నిపుణుల సంఘం బీపీ వైద్యానికి తొలి మార్గదర్శకాలను రాసినప్పుడు కింది అంకె 105 దాటితే మందులు ఇవ్వాలనీ, 90కీ 104కీ మధ్య ఉంటే మనిషిని బట్టి నిర్ణయించాలనీ మాత్రమే చెప్పగలిగింది. మందు ఎప్పుడు ఇవ్వాలన్న నిర్ణయానికి పై అంకెను ఆధారంగా తీసుకోలేదు.

మార్గదర్శకాలు మారడంలోని కిటుకంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఎవరిని పరీక్షించారో వారి గురించే కమిటీ ధైర్యంగా మాట్లాడగలదు. పరీక్షించని వారి గురించి అయితే మౌనం వహించాలి, లేదా ఊహించాలి. అరవై దాటినవారిలో పై అంకె ఒక్కటే పెరిగితే మందు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు 1991 వరకు గట్టి జవాబు లేదు. ఆ ఏడాది వెలువడిన షెప్ అధ్యయనంలో, పై బీపీ 160 దాటి కింది బీపీ 90 లోపే ఉన్న 4,736 మంది పెద్దవయసువారిలో, క్లోర్‌థాలిడోన్ అనే చవకైన మందుతో మొదలుపెట్టిన వైద్యం పక్షవాతాన్ని 36 శాతం తగ్గించింది. ‘వందకు వయసు’ లెక్క శాస్త్రంలో కాలం చేసింది అప్పుడే. మా ప్రాంతంలో మాత్రం అది ఇంకా అరుగుల మీద బతికే ఉంది. ఎనభై దాటినవారికి ఇంకెందుకులే అన్న సందేహం కూడా 2008లో హైవెట్ అధ్యయనంతో చాలావరకు తీరింది.

పాలకొల్లులో ఉండే మా పెద్దమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. చాలాకాలం ఆవిడను చూసిన పెద్ద డాక్టరుగారు, అరవై దాటినవారికి 150 లోపు ఉంటే చాలని చెప్పి, నూట నలభై చిల్లర చూసినప్పుడల్లా సంతోషించేవారు. ఆయన ప్రాక్టీసు మానేశాక వచ్చిన కుర్ర డాక్టరుగారు అదే అంకె చూసి పెదవి విరిచి, 130 లోపుకు రావాలన్నారు. పెద్దమ్మ ఇంటికి వచ్చి, ‘ఏరా, బీపీ పెరిగింది నాకా, వాళ్ల పుస్తకానికా?’ అని అడిగారు. వెటకారం సంగతి ఎలా ఉన్నా, ప్రశ్న న్యాయమైనదే.

ఇద్దరు డాక్టర్లూ పుస్తకం ప్రకారమే చెప్పారు. 2003లో వచ్చిన జాయింట్ నేషనల్ కమిటీ ఏడో నివేదిక మామూలు మనిషికి 140/90 లోపును, మధుమేహం ఉన్నవారికి 130/80 లోపును లక్ష్యంగా పెట్టింది. ఎనిమిదో కమిటీకి నియమితులైన నిపుణులు 2014లో తమ నివేదికను ప్రచురిస్తూ, యాదృచ్ఛికంగా జట్లు చేసి జరిపిన అధ్యయనాలలో రుజువైనదే చెబుతామని పట్టుబట్టి, అరవై దాటినవారికి లక్ష్యాన్ని 150/90కి సడలించారు. ఆ బృందంలోనే ఐదుగురు ఈ సడలింపు సరికాదని విడిగా వ్యాసం రాశారు. మరుసటి ఏడాదే స్ప్రింట్ అధ్యయనం వచ్చింది. యాభై దాటి, గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉండి, మధుమేహంగానీ వెనుకటి పక్షవాతంగానీ లేని 9,361 మందిలో కొందరికి 140 లోపు, కొందరికి 120 లోపు లక్ష్యం పెట్టగా, 120 జట్టులో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం వంటివి కలిపి 25 శాతం తగ్గాయి, మరణాలు 27 శాతం తగ్గాయి. శాతాలు చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఏడాదికి వెయ్యిమందిలో దాదాపు ఇరవై రెండు మందికి రావలసిన ఆ జబ్బులు పదహారు, పదిహేడు మందికి వచ్చాయన్నది దాని అసలు అర్థం. బీపీ మరీ పడిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, మూత్రపిండాలు ఉన్నట్టుండి దెబ్బతినడం మాత్రం ఆ జట్టులోనే ఎక్కువగా కనిపించాయి. ఈ లాభనష్టాలను తూచి 2017లో అమెరికా హృద్రోగ సంఘాలు 130/80కి చేరితే చాలు, అది అధిక రక్తపోటే అన్నాయి.

ఆ ప్రకటనతో అమెరికా పెద్దలలో బీపీ ఉన్నవారు 32 శాతం నుంచి 46 శాతానికి పెరిగారు. మందుల కంపెనీల కోసమే గీత దించారన్న మాట మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూడా వినిపించింది. ఆ అనుమానాన్ని నేను పూర్తిగా తీసిపారేయను. కమిటీల సభ్యులకు ఎవరితో ఏ సంబంధాలు ఉన్నాయో అడగడం మంచి అలవాటే. కానీ ఈ సందర్భంలో లెక్క దానికి సరిపోదు. ఆ పత్రమే, 130కీ 139కీ మధ్య ఉన్నవారిలో గుండెజబ్బు ముప్పు ఎక్కువగా ఉన్నవారికే మందు ఇవ్వమనీ, మిగిలినవారు తిండి, నడక, బరువు చూసుకోవాలనీ చెప్పింది. అందువల్ల కొత్తగా మందు వేసుకోవలసినవారు పెరిగింది రెండు శాతంలోపే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు, 11.74 దగ్గర గోదావరి నెమ్మదిగా ఉంటుందనీ, ఆ పైన మారిపోతుందనీ ఎవరూ అనుకోరు, ఏ మట్టానికి ఏ పని మొదలుపెట్టాలో తెలియడానికి పెట్టుకున్న గుర్తులవి. రక్తపోటు ముప్పు 115 దగ్గర నుంచే కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. దానిలో గీత ఎక్కడ గీయాలన్నది, ఆ గీత దాటినవారికి ఏం చేయగలమన్నదానిని బట్టి మనుషులు తీసుకునే నిర్ణయం.

అందుకే ఒకే ఆధారాలను చదివిన సంఘాలు వేర్వేరు చోట్ల గీతలు గీశాయి. ఐరోపా సంఘాలు 2018లో 140/90నే ఉంచాయి. 2024లోనూ జబ్బు అనే పేరుకు అదే హద్దుగా ఉంచి, 120 నుంచి 139 వరకు పెరిగిన రక్తపోటు అని వేరే తరగతి చేసి, మందులు తట్టుకోగలిగినవారికి 120కీ 129కీ మధ్య లక్ష్యం సూచించాయి. పేద దేశాలను కూడా దృష్టిలో పెట్టుకోవలసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 140/90 దగ్గరే మందు మొదలుపెట్టమంది. మధుమేహం ఉన్నవారి విషయంలో 2010 నాటి అకార్డ్ అధ్యయనం 120 లక్ష్యంతో మొత్తం మీద తేల్చదగిన లాభం చూపలేకపోగా, 2024లో చైనా నుంచి వచ్చిన బీప్రోడ్ అధ్యయనం లాభం ఉందని చూపింది. మధుమేహం విరివిగా ఉన్న మన జిల్లాలకు ఈ రెండోది ముఖ్యం.

ఇంతకంటే పెద్ద చిక్కు కొలతలో ఉంది. స్ప్రింట్‌లో మనిషిని ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి, యంత్రంతో మూడుసార్లు కొలిచి, సగటు తీశారు. చాలా కేంద్రాలలో ఆ సమయంలో గదిలో వేరే మనిషి కూడా లేరు. మన ఆసుపత్రులలో పెద్దమ్మ వంటివారు ఎండలో ఆటో దిగి, మెట్లెక్కి, టోకెన్ కోసం నిలబడి, చివరికి బల్ల పక్కన వీపుకు ఆనుడు లేని స్టూలు మీద కూర్చుని, మోకాళ్ల నొప్పుల గురించి చెబుతూ ఉండగానే చీర కొంగు పైనుంచి పట్టీ చుట్టేస్తారు. మూత్రం బిగబట్టుకున్నా, కాలు మీద కాలు వేసుకున్నా, చేయి గుండె మట్టానికి దిగువన వేలాడినా, మాట్లాడినా అంకె పెరుగుతుంది. ఇలా కొలిచిన 145ను తీసుకెళ్లి అక్కడి 120 పక్కన పెట్టడం సరికాదు. పెద్దమ్మకు ఇంట్లో చేతి యంత్రంతో పొద్దునా సాయంత్రమూ వారం రోజులు కొలిచి రాసి చూపించినప్పుడు, కుర్ర డాక్టరుగారు కొత్త మాత్ర చేర్చలేదు. నిలబెట్టి కూడా ఒకసారి కొలిచి, పడిపోయే భయం లేదని చూసుకుని, ఉన్న మందునే సర్దారు.

మందులూ మారాయి. పెద్దమ్మ పాత చీటీలలో అటెనోలాల్ చాలాకాలం ఉంది, ఒకప్పుడు అది మొదటి వరుస మందు. 2002లో లైఫ్, 2005లో ఆస్కాట్ అధ్యయనాలు, కొత్త మందులతో పోలిస్తే అది పక్షవాతాన్ని అంతగా ఆపలేకపోతోందని చూపడంతో, 2006లో బ్రిటన్ దానిని మామూలు బీపీకి మొదటి వరుస నుంచి తప్పించింది. గుండెపోటు వచ్చినవారికి, ఛాతీనొప్పి ఉన్నవారికి ఆ జాతి మందులు ఇప్పటికీ అవసరం, పైగా వాటిని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం. కనుక ఇది చదివి ఎవరూ డబ్బా పక్కన పెట్టకూడదు. రాత్రి మాత్ర వేసుకుంటేనే మేలని 2019లో స్పెయిన్ నుంచి వచ్చిన వార్త మన వాట్సాప్‌లలోనూ తిరిగింది. 2022లో బ్రిటన్‌లో 21,104 మందితో ముగిసిన టైమ్ అధ్యయనం, పొద్దున వేసుకున్నా సాయంత్రం వేసుకున్నా తేడా లేదని తేల్చింది.

ఈ చర్చలన్నీ మందు వేసుకుంటున్నవారి గురించి. 2003, 2004 సంవత్సరాలలో ఉభయగోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో, 1,80,000 జనాభాలో, ఏడాదిపాటు ప్రతి మరణానికీ కారణం వెతికితే, 1,354 మరణాలలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. అంటురోగాలు చాలా వెనుకబడ్డాయి. తరువాతి కాలంలో పశ్చిమగోదావరి గ్రామాలలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లు ఇచ్చి, ముప్పు ఉన్నవారిని గుర్తించి పీహెచ్‌సీకి పంపించే ప్రయోగం జరిగింది. మనుషులను గుర్తించగలిగారుగానీ, బీపీ అదుపులోకి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నూట ముప్పైయా, నూట నలభైయా అన్న తర్కం కంటే, నెలాఖరుకు మాత్రలు అయిపోయాక మళ్లీ తెచ్చుకుంటున్నారా అన్న ప్రశ్నే మన డెల్టాకు పెద్దదని నా అభిప్రాయం.

ఉప్పు విషయంలో మార్గదర్శకాలు అంతగా ఊగిసలాడలేదు. 1940లలో వాల్టర్ కెంప్నర్ అమెరికాలో ప్రధానంగా అన్నమూ పండ్లూ పెట్టి తీవ్రమైన బీపీని తగ్గించగలిగాడు, ఆ అన్నంలో ఉప్పు లేదు. మూడు పూటలా అన్నమే తినే మనకు ఆ ఫలితం ఎందుకు రాదో ఆవకాయనూ, ఊరమిరపకాయలనూ, ఎండుచేపలనూ చూస్తే తెలుస్తుంది. రోజుకు ఐదు గ్రాముల లోపన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2021లో చైనా పల్లెలలో సోడియంలో కొంత భాగానికి బదులు పొటాషియం కలిపిన ఉప్పు వాడించగా పక్షవాతం 14 శాతం తగ్గింది, 2025 జనవరిలో ఆ సంస్థ అలాంటి ఉప్పును సిఫారసు కూడా చేసింది. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అది పనికిరాదు, టెల్మిసార్టాన్ వంటి బీపీ మందులు వాడేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. మా ఇంట్లో వాళ్లు ఊరమిరపకాయలు మానడానికి ఒప్పుకున్నారు. ఆవకాయ మీద మాత్రం చర్చలు ఇంకా సాగుతున్నాయి.