పోకర్ టోర్నమెంట్‌లో 7-7 నుంచి 10-10 దాకా: ఎప్పుడు ఆల్-ఇన్, ఎప్పుడు ఫోల్డ్

టెక్సాస్ హోల్డెమ్ పోకర్‌లో చేతికొచ్చిన రెండు ముక్కలూ చిన్న జతైతే, 2-2 నుంచి 6-6 వరకూ, ఆడటంలో పెద్ద తికమక లేదు. సెట్ (మన జతకి అదే అంకె మూడో ముక్క) పడితే ఉంటాం, పడకపోతే లేచిపోతాం. క్వీన్స్, కింగ్స్, ఏసెస్ వస్తే ఏం చేయాలో కొత్తగా నేర్చుకున్నవాడికీ తెలుసు. మధ్యలో ఉండే 7-7, 8-8, 9-9, 10-10 దగ్గరే స్టాక్‌లు (ముందున్న చిప్స్) ఆవిరవుతాయి. కారణం ఒక్కటే: చాలామంది వీటిని చిన్న సైజు క్వీన్స్ అనుకుని ఆడతారు.

మూడు ముక్కలాట అలవాటున్న చేతులకి ఇది మరీ కష్టం. అక్కడ నూటికి 74 సార్లు ఉత్త హై కార్డే వస్తుంది, కాబట్టి జత పడిందంటే గట్టి చేయి. హోల్డెమ్‌లో చేతిలో రెండు, టేబుల్ మీద అందరికీ కలిపి వేసే ఐదు, మొత్తం ఏడు ముక్కల్లోంచి ఐదు ఏరుకుంటారు. చివరి ముక్కదాకా చూస్తే ఏమీ పడకుండా మిగిలేది నూటికి 17 చేతులే. చేతిలో జత ఉందన్న ధైర్యం ఇక్కడ ఫ్లాప్ (టేబుల్ మీద ఒకేసారి తిప్పే మొదటి మూడు ముక్కలు) దాకానే.

లెక్కల్లోకి వెళ్లేముందు ఒక మాట. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి పోకర్ ఆడటాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. అందుకని ఈ పోస్టు గోవా కేసినోల్లో టేబుల్ దగ్గర కూర్చుని ఆడేవాళ్లనీ, విదేశాల్లో ఉండి అక్కడి కార్డ్ రూమ్‌లకి వెళ్లేవాళ్లనీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది. ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందాలు స్మాల్ బ్లైండ్ (సగం), బిగ్ బ్లైండ్ (ఒకటి); కింద ఎన్ని బ్లైండ్లన్నా బిగ్ బ్లైండ్ లెక్కే. వాటికి అదనంగా కట్టేది యాంటీ (ఇంకొకటి). బిగ్ బ్లైండ్ ఒక్కడే అందరి యాంటీ కట్టే పద్ధతి, తొమ్మిదిమంది టేబుల్ అనుకుందాం. ఎవరూ రైజ్ చేయకముందే (పందెం పెంచకముందే) పాట్‌లో 2.5 బ్లైండ్లు ఉంటాయి.

ఫ్లాప్‌లో సెట్ పడే అవకాశం 11.8 శాతం, అంటే దాదాపు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. మన జతకంటే పెద్ద ముక్క ఒక్కటైనా ఫ్లాప్‌లో రావడం 7-7కి 92 శాతం, 8-8కి 87, 9-9కి 79, 10-10కి దాదాపు 70. తొమ్మిదిమంది టేబుల్‌లో మన 8-8 కంటే పెద్ద జత ఎవరో ఒకరి దగ్గర ఉండే అవకాశం నూటికి 21. ఈ చివరి అంకె చూసి కంగారుపడేవాళ్లున్నారు, అక్కర్లేదు. మిగతా 79 సార్లు టేబుల్ మీద అతి పెద్ద జత మనదే.

అసలు సంగతి ఇది: ఈ జతలతో ముందుగా మనం ఆల్-ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేయడం) అనడం వేరు, ఎవరో అన్న ఆల్-ఇన్‌కి కాల్ చెప్పడం (అంతే పందెం కట్టి ఉండటం) వేరు. ముక్కలు అవే, లెక్క పూర్తిగా వేరు.

మన దగ్గర 20 బ్లైండ్లు, బటన్‌లో (ఫ్లాప్ తర్వాత చివర్న మాట్లాడే సీటు) 8-8. కటాఫ్‌లో (బటన్‌కి ముందు సీటు) ఉన్నాయన 2.2 బ్లైండ్లకి రైజ్ చేశాడు. పాట్‌లో 4.7 ఉంది. మనం ఆల్-ఇన్ అన్నాం. ఆయన 10-10 నుంచి పైజతలు, ఏస్-క్వీన్, ఏస్-కింగ్‌తోనే కాల్ చేస్తాడనుకోండి. ఆ చేతుల్ని కాంబినేషన్లుగా లెక్కపెడితే ఐదు పెద్ద జతలకి ఆరేసి చొప్పున 30, ఏస్-కింగ్‌కి 16, ఏస్-క్వీన్‌కి 16. పెద్ద జత ఎదురైతే మనం గెలిచేది 19 శాతం, రెండు పెద్ద ముక్కలు ఎదురైతే 55. కలిపితే సగటు 38 శాతం దగ్గర తేలుతుంది.

అంటే కాల్ పడిన ప్రతిసారీ మనం నష్టంలోనే ఉన్నాం. అయినా ఆ ఆల్-ఇన్ లాభమే. ఆయన పదింట ఆరుసార్లు ఫోల్డ్ చేస్తే (ముక్కలు వదిలేస్తే) 4.7లో అరవై శాతం, 2.8 బ్లైండ్లు మనకి ఉట్టినే వస్తాయి. మిగతా నాలుగుసార్లు 42.5 బ్లైండ్ల పాట్‌లో మన వాటా 16 చిల్లర, పెట్టింది 20, ఒక్కోసారికి 3.85 నష్టం. నికరంగా చూస్తే సగటున 1.3 బ్లైండ్ల లాభం. వెనకున్న బ్లైండ్లలో ఎవరికైనా పెద్ద చేయి తగిలితే ఇందులోంచి కొంత తగ్గుతుంది, అయినా లాభం మిగులుతుంది.

ఇదే రైజ్ మొదటి సీట్లోంచి, గంటకి ఒక చేయి ఆడే పెద్దాయన దగ్గర్నుంచి వచ్చిందనుకుందాం. ఆయన పదింట మూడుసార్లే ఫోల్డ్ చేస్తాడు. అదే లెక్క మళ్లీ వేస్తే 1.3 బ్లైండ్ల నష్టం తేలుతుంది. లాభనష్టాల మధ్య తేడా మన 8-8 వల్ల రాలేదు, ఎదుటివాడు ఎంత తరచుగా వదిలేస్తాడన్న దాని వల్ల వచ్చింది.

ఇప్పుడు అదే 8-8తో కాల్ వైపు చూద్దాం. ముందు సీట్లోంచి ఒకాయన 15 బ్లైండ్లు ఆల్-ఇన్ అన్నాడు, మన దగ్గర 30 ఉన్నాయి. 17.5 ఉన్న పాట్‌కి 15 పెట్టాలి, అంటే 46 శాతం గెలవాలి. పైన చెప్పిన చేతులే ఉన్న బిగుతు రేంజ్‌ మీద మనకున్నది 38, ఫోల్డ్. ఆయన 5-5 నుంచి జతలన్నీ, ఏస్-9 నుంచి ఏస్‌లన్నీ, కింగ్-క్వీన్ కూడా తోసేరకమైతే మన వాటా 49 శాతం దాకా వెళ్తుంది. అప్పుడు కాల్, అదీ వెనక ఇంకా మాట్లాడాల్సినవాళ్లు ఒకరిద్దరే ఉంటే. ఇక్కడ ఫోల్డ్ చేయించే శక్తి ఆయన దగ్గరుంది, మనకి మిగిలింది ముక్కల బలం ఒక్కటే. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు: 8-8తో రైజ్ మీద ఆల్-ఇన్ కొట్టడానికి జంకుతారు, ఎవరో ఆల్-ఇన్ అనగానే మాత్రం జత ఉంది కదా అని కాల్ చెప్పేస్తారు.

స్టాక్ 12 బ్లైండ్లకి దిగితే పెద్దగా ఆలోచించక్కర్లేదు. మనకి ముందు అందరూ ఫోల్డ్ చేసి ఉంటే 7-7 నుంచి పైవన్నీ ఏ సీట్లోంచైనా ఆల్-ఇన్. 2.2కి రైజ్ చేసి, ఎవరో పైన కొడితే వదిలేయడం ఈ లోతులో (ఇంత స్టాక్‌తో) డబ్బు పారేసుకోవడమే.

40 బ్లైండ్ల దగ్గర పొరపాటు ఇంకో రకం. 2.2 రైజ్ మీద 9-9తో 7 బ్లైండ్లకి త్రీ-బెట్ (రైజ్ మీద మళ్లీ రైజ్) చేస్తారు. అవతలివాడు 40 ఆల్-ఇన్ అంటాడు. ఇంకో 33 పెట్టాలి, 40 శాతం గెలవాలి. 10-10 పైజతలు, ఏస్-కింగ్ ఉన్న రేంజ్‌ మీద మనకున్నది 31-32 శాతం. ఫోల్డ్ తప్పదు. ఏడు బ్లైండ్లు పోయాయి, ఫ్లాప్ కూడా చూడలేదు. పొజిషన్‌లో ఉంటే (ఎదుటివాడి తర్వాత మాట్లాడే సీటైతే) కాల్ చేసి ఫ్లాప్ చూడటమే మేలు. బటన్‌లోంచి విచ్చలవిడిగా రైజ్ చేసే మనిషి ఎదురైతే తప్ప ఈ లోతులో ఈ జతలతో త్రీ-బెట్ నాకు నచ్చదు.

సెట్ కోసమే కాల్ చేద్దామంటే ముందు స్టాక్ చూడాలి. ఎనిమిదిన్నరకి ఒకసారి పడుతుంది కాబట్టి, పడినప్పుడల్లా కాల్‌కి ఏడున్నర రెట్లు గెలిస్తే లాభనష్టాలు సమానం. కానీ పడిన ప్రతిసారీ ఎదుటివాడి దగ్గర ఇచ్చేంత చేయి ఉండదు. అందుకే వెనక 15 నుంచి 20 రెట్లు ఉండాలంటారు. మొదటి లెవెల్స్‌లో 100 బ్లైండ్లున్నప్పుడు 2.5 కాల్ చేస్తే వెనక 39 రెట్లు, బంగారంలాంటి కాల్. 25 బ్లైండ్లప్పుడు 2.2 కాల్ చేస్తే పది రెట్లే. 4-4తో అది దండగ. 8-8, 9-9లకి చిన్న ముక్కల ఫ్లాప్‌లో జతగానే గెలిచే దారి ఉంది కాబట్టి బటన్‌లోంచి ఫర్వాలేదు, స్మాల్ బ్లైండ్‌లోంచి వద్దు. బిగ్ బ్లైండ్‌లో మాత్రం 4.7 పాట్‌కి 1.2 పెడితే చాలు కాబట్టి ఏ జతనీ వదలకూడదు.

లైవ్‌లో రైజ్ చేయకుండా ఊరికే కాల్ చెప్పి దూరేవాళ్లు ఎక్కువ. ముగ్గురు అలా వచ్చారనుకోండి. 50 బ్లైండ్లుంటే 7-7తో మనమూ వెనకే వెళ్లి సెట్ చూడొచ్చు. 20 ఉంటే 9-9తో ఆల్-ఇన్. పాట్‌లో అప్పటికే 5.5 ఉంది, అలా వచ్చినవాళ్లలో ఎక్కువమంది వదిలేస్తారు.

ఫ్లాప్ తర్వాత ఎలా నడపాలో చిప్స్‌తో చెప్తాను. బ్లైండ్స్ 500/1,000, యాంటీ 1,000. కటాఫ్‌లో 8-8, స్టాక్ 35,000. మనం 2,200, బిగ్ బ్లైండ్ కాల్. పాట్ 5,900.

ఫ్లాప్ కళావర్ కింగ్, డైమండ్ 7, ఇస్పేట్ 2. కింగ్ చూసి చేతులు ఎత్తేయకండి. జత లేని రెండు ముక్కలతో వచ్చినవాడికి ఫ్లాప్‌లో జతగానీ అంతకన్నా పెద్దదిగానీ తగిలేది మూడోవంతుకంటే తక్కువసార్లే. 2,000 బెట్ చేస్తే అతను నాలుగింట ఒకసారి వదిలినా ఆ బెట్ నష్టం కాదు. పైగా క్వీన్-10లాంటి ఆరు ఔట్లున్న (గెలిపించే ముక్కలు ఆరున్న) చేతుల్ని సాగనంపుతుంది. కాల్ చేశాడు, పాట్ 9,900. టర్న్ (నాలుగో ముక్క) 4. ఇక్కడ ఆగాలి, చెక్ (పందెం పెట్టకుండా వదలడం). రెండో బెట్ వేస్తే మనకంటే కింది చేతులు పోతాయి, కింగ్ ఉన్నవాడు మాత్రమే ఉంటాడు. రివర్‌లో (చివరి, ఐదో ముక్క) అతను 5,000 పెడితే 25 శాతం గెలిస్తే చాలు, తగలని డ్రాలు (పూర్తికాని వరుసలు, రంగులు) ఉన్న మనిషైతే కాల్. అదే 12,000 పెడితే, అదీ రోజంతా చెక్-కాల్ చేసే మనిషైతే, ఫోల్డ్. అలాంటి మనిషి రివర్‌లో పెద్ద బెట్ పెట్టాడంటే అది బ్లఫ్ కావడం అరుదు.

అదే చేతితో ఫ్లాప్ 5-4-2 రంగులు కలవకుండా వచ్చిందనుకోండి. ఇప్పుడు మనది అన్నిటికంటే పెద్ద జత, కానీ టర్న్‌లో 9 నుంచి ఏస్ దాకా ఏదో ఒకటి రావడం సగానికి సగం. కాబట్టి 2,000 చాలదు, 3,800 పెట్టాలి. చెక్-రైజ్ (ముందు చెక్ చేసి, మన బెట్ మీద రైజ్) వస్తే చాలామంది ఉద్రేకంతో ఆల్-ఇన్ కొట్టేస్తారు. బిగ్ బ్లైండ్‌లో 6-3, 5-4, ఏస్-3 అన్నీ ఉంటాయి, మన దగ్గర అవి తక్కువ. 35 బ్లైండ్ల లోతులో కాల్ చేసి టర్న్ చూడటం సరైనది. 15 బ్లైండ్లతో మొదలైన చేయైతే వదిలే ప్రశ్నే లేదు.

కింగ్-జాక్-9, అందులో రెండు ఒకే రంగు, అయితే బెట్ కూడా వద్దు, చెక్. ముగ్గురు నలుగురు ఉన్న పాట్‌లో ఓవర్‌కార్డ్ (మన జతకంటే పెద్ద ముక్క) పడితే చెక్-ఫోల్డ్. సెట్ పడితే నెమ్మదిగా ఆడి దాచుకోకండి, మొదటి బెట్ నుంచే పాట్ పెంచండి.

ప్రైజ్‌లు దగ్గరపడినప్పుడు చిప్స్ లెక్క పక్కకి పోయి డబ్బు లెక్క వస్తుంది. దాన్నే ఐసీఎం అంటారు. నలుగురు మిగిలారు, ముగ్గురికే ప్రైజ్: 50,000, 30,000, 20,000. నలుగురి దగ్గరా సమానంగా చిప్స్. ఒక్కొక్కరి వాటా విలువ 25,000 రూపాయలు. ఒకడు ఆల్-ఇన్, మన దగ్గర 8-8. కాల్ చేసి గెలిస్తే చిప్స్ రెట్టింపవుతాయి కానీ వాటా 38,333కే చేరుతుంది, ఓడితే సున్నా. కాల్ నిలవాలంటే 65 శాతం గెలవాలి. ఏస్-కింగ్ మీద మనకున్నది 55, అంటే సగటున 21,083. ఫోల్డ్ చేస్తే 25,000 అలాగే ఉండేది. ఏ రెండు ముక్కలైనా తోసేవాడి మీదే 8-8కి 69 శాతం వస్తుంది. అంటే కళ్లు మూసుకుని తోస్తున్నాడని ఖాయంగా తెలిస్తేనే కాల్. అవతల రెండు బ్లైండ్లతో కొన ఊపిరితో ఉన్నవాడుంటే అప్పుడు కూడా ఆలోచించాలి.

ఈ లెక్కని మనమే వాడుకోవచ్చు. పెద్ద స్టాక్ మనదైతే, మధ్య స్టాక్‌ల మీద 8-8తో ముందు మనమే ఆల్-ఇన్ అంటే వాళ్లే 9-9, ఏస్-క్వీన్‌లు చూసుకుంటూ పడేయాల్సి వస్తుంది. సీట్లు మాత్రమే ప్రైజ్‌గా ఇచ్చే శాటిలైట్‌లో ఇది ఇంకా తీవ్రం: సీటు ఖాయమనిపించేంత స్టాక్ ఉంటే 10-10 కూడా చూడకుండా మక్ (ఫోల్డ్) చేయొచ్చు.

బౌంటీ టోర్నమెంట్లలో (ఎవరినైనా బయటికి పంపితే ఆ మనిషి మీద ప్రైజ్ వచ్చేవాటిలో) దిశ మారుతుంది. ఎదుటివాడి తల మీది బౌంటీ విలువ ఐదు బ్లైండ్లతో సమానమైతే, పైన చెప్పిన 15 బ్లైండ్ల కాల్‌కి 46 శాతం బదులు 40 చాలు. బిగుతు రేంజ్‌ మీద 8-8 అప్పటికీ ఫోల్డే. ఆయన రేంజ్‌లో 7-7, ఏస్-జాక్ కూడా ఉన్నాయంటే కాల్.