19 రోజులు, 60 రోజులు

లైటు తీసి పడుకున్నదాన్ని మళ్ళీ లేచి వచ్చి కూర్చున్నాను. ఇది ఎక్కడో ఒకచోట కక్కేయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున్నే మెయిల్ వచ్చింది. నా సైటు పేరుకి గడువు ఇంకా 19 రోజులేనట, రెన్యూ చేసుకోమని. చేసుకుందును. కానీ మొదటి ఏడు కట్టినదానికి దాదాపు మూడింతలు అడుగుతున్నాడు. చేర్చుకునేటప్పటి ప్రేమ రెండో ఏడు ఏమైపోతుందో!

"అక్కడే కట్టేసెయ్, ఒక పనైపోతుంది" అన్నారు ఈయన, తలెత్తకుండా. ఈయన సంగతి మీకు కొత్తేం కాదు. ఏ సమస్యకైనా అదే మందు. నాకు రోషం వచ్చింది. ఇంకో చోటికి మార్చేస్తానన్నాను.

సాయంత్రమంతా నాలుగు కంపెనీల పేజీలు పక్కపక్కన తెరుచుకుని కూర్చున్నాను. నిజానికి డాట్‌కామ్ పేర్లన్నిటికీ చిట్టా ఒకటే, దాన్ని నడిపేది వెరిసైన్ అనే కంపెనీ. మనం డబ్బు కట్టే ఈ రిజిస్ట్రార్లంతా ఆ చిట్టాలో మన పేరు రాయించిపెట్టేవాళ్ళు, అంతే. 1999 దాకా ఆ పని కూడా నెట్‌వర్క్ సొల్యూషన్స్ ఒక్కటే చేసేది, ఇప్పుడు ఎవరిని పట్టుకోవాలో తెలియనంతమంది. వెరిసైన్ వీళ్ళ దగ్గర తీసుకునేది అందరికీ ఒకటే. అమ్మే సరుకూ ఒకటే. మరి ధరల్లో ఇంత తేడా ఏంటి అంటే, ఆ టిక్కు పెట్టెలు.

ఒక్క పేరు కొందామని వెళ్తే బుట్టలో ఐదు చేరాయి. మెయిల్ పెట్టె, సైటు కట్టుకునే పరికరం, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సైటు చిరునామా పక్కన తాళం బొమ్మ తెప్పించేది, అది లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఎన్నో ఏళ్ళుగా ఉచితంగానే ఇస్తోంది), నా వివరాలు దాచిపెట్టే ప్రైవసీ, ఇంకేదో "రక్షణ". అన్నిటికీ ముందే టిక్కులు పెట్టి ఉన్నాయి. ఒక ఏడాది అడిగితే మూడేళ్ళు ఎంచి పెట్టాడు. పైన ఎర్ర అంకెలతో గడియారం పరిగెడుతోంది, పది నిమిషాల్లో ఆఫర్ అయిపోతుందట. పేజీ మళ్ళీ తెరిచాను, మళ్ళీ పది నిమిషాలు! ఒక టిక్కు తీస్తే "వద్దు, నా సైటు ఏమైపోయినా ఫర్వాలేదు" అనే బటన్ నొక్కమంటాడు. అంత మాట నా చేత ఎందుకనిపిస్తావు నాయనా? ప్రైవసీ అయితే మరీ. 2018లో యూరప్‌లో జనం వివరాలు కాపాడే చట్టం, జీడీపీఆర్ వచ్చాక మన పేరూ ఫోన్ నంబరూ చాలామంది రిజిస్ట్రార్లు ఎలాగూ బయటికి చూపించడం లేదు. అయినా వీడు దానికి వేరే డబ్బు అడుగుతున్నాడు. రెండో కంపెనీకి వచ్చేసరికి నా చెయ్యి అలవాటు పడిపోయింది. పెట్టె కనిపిస్తే చాలు, చదవకుండానే ఖాళీగా వదిలేస్తోంది.

మొదటి సైటు సంగతి మీలో పాతవాళ్ళకి గుర్తుందేమో. అప్పట్లో నాకివేవీ తెలియవు. ఈయన స్నేహితుడొకాయన "నేను చేసిపెడతానమ్మా" అని తన కార్డుతో, తన పేరుతో, తన ఆఫీసు మెయిల్‌తో రిజిస్టర్ చేశాడు. మంచివాడే, పాపం. రెండేళ్ళకి ఉద్యోగం మారాడు. గడువు హెచ్చరికలన్నీ ఎవరూ తెరవని ఆ పాత మెయిల్‌కి పోయాయి. గడువు దాటగానే పేరు పోదు. కొన్నాళ్ళు మామూలు ధరకే ఇస్తారు, తొలగించాక కూడా 30 రోజులు జరిమానా కడితే వెనక్కి వస్తుంది, ఆ తర్వాత ఇంకో 5 రోజులు ఎవరూ ముట్టుకోలేరు. ఇన్ని మెట్లున్నాయని నాకు తెలిసేసరికి అన్నీ దాటిపోయాయి. పెద్దమ్మ ఫోన్ చేసింది. "ఏమే, నీ కథలు చదువుదామని తెరిస్తే పేకాట వస్తోందేంటే?" నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవడో ఆ పేరు ఎగరేసుకుపోయి పందేల పేజీ పెట్టుకున్నాడు. నాలుగేళ్ళ రాతలకి నేను అందరికీ ఇచ్చిన చిరునామా అది. ఇప్పటికీ పెద్దమ్మ ఎవరికైనా నన్ను పరిచయం చేస్తే "పేకాట" అని ఒక చిన్న నవ్వు నవ్వుతుంది. మైక్రోసాఫ్టే 1999 డిసెంబరులో తన లాగిన్ నడిచే పాస్‌పోర్ట్ డాట్‌కామ్ పేరుకి డబ్బు కట్టడం మర్చిపోయి, హాట్‌మెయిల్‌లోకి జనం వెళ్ళలేకపోతే, ఎవరో ప్రోగ్రామర్ తన జేబులోంచి కట్టాడట. మా స్నేహితుడి మీద కోపం వచ్చినప్పుడల్లా అది గుర్తు చేసుకుంటాను.

ఇది తలుచుకున్నాకే బుర్ర కొంచెం చల్లబడింది. ధర కోసం ఇంత గింజుకుంటున్నానే, అసలు చిట్టాలో ఏముందో చూశానా? లోపలికి వెళ్ళి చూశాను. పేరు నాదే. హమ్మయ్య. మెయిల్? అదే సైటు పేరు మీద పెట్టుకున్న మెయిల్! అంటే పేరు పోయిన రోజున, పేరు పోయిందని చెప్పే ఉత్తరం కూడా నాకు రాదు. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు లాగేసుకున్నట్టు. ఆ స్నేహితుణ్ణి ఇన్నేళ్ళు అన్నాను!

వెంటనే వేరే మెయిల్‌కి మార్చాను. పాతదానికీ కొత్తదానికీ చెరో లింకు వచ్చింది, రెండూ నొక్కాను. ఏదో అర్థంకాక చాట్ తెరిస్తే, రాత్రి పదిన్నరకి నిజంగా మనిషే పలికాడు, ఓపిగ్గా చెప్పాడు. మూడింతలైతే ఏంలే, వీడి దగ్గరే ఉందాం అని ఒక్క నిమిషం అనిపించింది కూడా. మళ్ళీ ఆ బిల్లు చూసి మనసు మారింది. బదిలీ చేస్తే మిగిలిన రోజులేం పోవు, పైగా ఒక ఏడాది కలుస్తుంది. సరే, బదిలీ కోడ్ (కొత్త కంపెనీకి ఇవ్వాల్సిన రహస్య పదం) అడుగుదాం అని ఆ పేజీకి వెళ్ళాను.

బటన్ బూడిద రంగులో ఉంది. యజమాని మెయిల్ మారింది కాబట్టి 60 రోజులు బదిలీ కుదరదట.

వెనక్కి వెళ్ళి చూస్తే, మెయిల్ మార్చిన పేజీలో కింద చిన్న అక్షరాలతో ఒక పెట్టె. "మార్పు తర్వాత 60 రోజుల నిషేధం నాకు వద్దు" అనుకుంటే టిక్కు పెట్టమని. ఖాళీగా ఉంది. రోజంతా చూసిన పెట్టెలన్నిటిలో టిక్కు పెట్టాల్సింది అదొక్కటే.

19 రోజుల్లో గడువు, 60 రోజులు తాళం. కాబట్టి అక్కడే కట్టాలి. కార్డు ఈయన పర్సులో ఉంది, పొద్దున అడగాలి.